మూసిన గదులు – 9 : మీ గైడుకి గైడెవరు?



డిగ్రీ కాలేజీలో ఛందస్సు, వ్యాకరణం చెప్పుకునేదానివి, క్యాన్సర్ ఇమ్యునాలజీతో నీకేం పని అంటారేమో. నాకు లేదు. మా పిన్ని కూతురికి ఉంది. స్టేట్ యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీ పీహెచ్‌డీ చేసింది. మా రెండు కుటుంబాల్లో కలిపి డాక్టరేట్లు రెండే. తెలుగులో నాది, సైన్సులో దానిది.

రెండు నెలల కిందట ఒక పేరున్న ప్రభుత్వ పరిశోధనా సంస్థలో పోస్ట్‌డాక్ పోస్టు పడింది. క్యాన్సర్ ఇమ్యునాలజీ, యాంటీబాడీ ఇంజనీరింగ్. పీహెచ్‌డీలో చెల్లి చేసింది అచ్చంగా ఆ పనే. యాంటీబాడీలో లక్ష్యాన్ని పట్టుకునే కొసను మాత్రం విడిగా తయారుచేసి, అది క్యాన్సర్ కణం మీది గుర్తుకి ఎంత గట్టిగా అంటుకుంటుందో కొలవడం. ఆ ముక్కని ఎస్‌సిఎఫ్‌వి అంటారట. అక్కడ ఎస్‌సి అంటే సింగిల్ చెయిన్. "పేరులోనే ఎస్సీ ఉందక్కా, ఇంకెవరు చేస్తారు ఈ పని" అని నవ్వేది. మన దేశంలో తయారై 2023 అక్టోబర్‌లో అనుమతి పొందిన మొదటి కార్-టి చికిత్స నెక్స్‌కార్19 ఉంది కదా, దాంట్లో క్యాన్సర్ కణాన్ని పట్టుకునే భాగం ఇలాంటి ముక్కే.

అప్లై చేసింది. వీడియోలో ఇంటర్వ్యూ. నలుగురు పెద్దమనుషులు, ఇరవై ఐదు నిమిషాలు. అయిపోగానే నాకు ఫోన్ చేసింది.

"ఏమడిగారే?"

"మీ గైడు ఎక్కడ ట్రైన్ అయ్యారన్నారు. చెప్పాను. ఆయనకి గైడెవరన్నారు. చెప్పాను. ఆ పేరు వాళ్ళెవరూ వినలేదు. తర్వాత ఒకాయన సీవీ కిందికి చూసి 'ఓ... మీది ఈ ఫెలోషిప్పా' అన్నాడక్కా."

ఈ ఫెలోషిప్ అంటే నేషనల్ ఫెలోషిప్ ఫర్ షెడ్యూల్డ్ కాస్ట్స్. సీవీలో రాయక తప్పదు. ఐదేళ్ళు ఎవరి డబ్బుతో చదివావంటే ఏదో ఒకటి చెప్పాలి కదా. కులం కాలమ్ లేని అప్లికేషన్‌లో మా కులం అలా బయటపడింది.

"మరి నీ పని గురించి?"

"చివర్లో అడిగారు. నాలుగు నిమిషాలు."

వారం తర్వాత రెండు లైన్ల మెయిల్ వచ్చింది. ప్రాజెక్టు అవసరాలకి మీ అనుభవం సరిపోలేదు, మీ భవిష్యత్తుకి శుభాకాంక్షలు.

కులం వల్లే తీసేశారని నేను నిరూపించలేను. ప్రూఫ్ ఏదమ్మా అని ఎవరో అడక్కముందే చెప్పేస్తున్నాను, నా దగ్గర లేదు. ఎంపికైన మనిషి నిజంగానే చెల్లికంటే మెరుగేమో కూడా. ఒక పోస్టు ఒకళ్ళకే వస్తుంది. నా గొడవ వేరే. ప్రూఫ్ పుట్టే వీలే లేకుండా కట్టిన గది అది. ఎంతమంది అప్లై చేశారో చెప్పరు. ఎవరెవర్ని పిలిచారో చెప్పరు. దేనికి ఎన్ని మార్కులో చెప్పరు. రోస్టర్ లేదు, వెయిటింగ్ లిస్టు లేదు, అప్పీలు లేదు. అన్యాయం జరిగిందో లేదో లోపలున్న ఆ నలుగురికే తెలుసు. వాళ్ళకైనా తెలుసో లేదో!

సైన్సు వైపు రాని విద్యార్థుల కోసం కొంచెం వివరంగా చెబుతాను. పీహెచ్‌డీ అయ్యాక, సొంత ల్యాబ్ వచ్చేలోపు, ఇంకొకరి ల్యాబ్‌లో రెండేళ్ళో మూడేళ్ళో చేసే పరిశోధనే పోస్ట్‌డాక్. కేంద్ర ప్రభుత్వ నిధులతో నడిచే ప్రాజెక్టుల్లో రీసెర్చ్ అసోసియేట్‌కి 2023 జనవరి నుంచి నెలకి 58,000 నుంచి 67,000 రూపాయల దాకా ఇస్తారు, ఇంటద్దె అదనం. చిన్న డబ్బేం కాదు, మన ఇళ్ళల్లో అది నలుగురి జీతం. కానీ డబ్బుకంటే పెద్దది, అది మెట్టు. ఆ మెట్టు ఎక్కనివాళ్ళు మంచి పరిశోధనా సంస్థలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావడం దాదాపు జరగని పని.

ఇప్పుడు నిచ్చెన చూడండి. కేంద్ర విద్యాసంస్థల్లో పీహెచ్‌డీ అడ్మిషన్‌కి రిజర్వేషన్ ఉంది. ఎస్సీలకి 15 శాతం, ఎస్టీలకి 7.5 శాతం. పైన అధ్యాపక పోస్టులకీ ఉంది, 2019లో పార్లమెంటు దానికి చట్టమే చేసింది. మధ్యలో పోస్ట్‌డాక్? చెల్లి కోసం ఏడాదిగా నేను చదివిన ప్రాజెక్టు ప్రకటనల్లో రోస్టర్ అనే మాట ఒక్కసారి కూడా కనబడలేదు. నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్‌లో వయోపరిమితి 35, మనకి ఐదేళ్ళ సడలింపు. బాగుంది. కానీ దానికి అప్లై చేయాలన్నా ముందు ఒక ల్యాబ్ పెద్ద "సరే, రా" అనాలి. వయసుకి సడలింపు ఉంది, ఆ "సరే"కి లేదు.

తాత్కాలిక నియామకమైనా 45 రోజులు, ఆ పైన ఉంటే రిజర్వేషన్ పాటించాలని కేంద్ర సిబ్బంది శాఖ ఎప్పటినుంచో చెబుతోంది. 2022 నవంబర్‌లో అన్ని శాఖలకీ మళ్ళీ గుర్తుచేసింది. రెండేళ్ళ పోస్ట్‌డాక్ అంటే 730 రోజులు. మరి పాటించరేం సార్ అంటే, అబ్బే ఇది ఉద్యోగం కాదమ్మా, ఫెలోషిప్ అంటారు. ఫెలోషిప్ అయితే చదువు కింద లెక్కేసి అడ్మిషన్లలో ఇచ్చినట్టు ఇవ్వండి అంటే, అబ్బే ఇది చదువు కాదు, ప్రాజెక్టు పని అంటారు. పని అయితే 45 రోజుల రూలు పెట్టండి అంటే, మళ్ళీ మొదటికే. గానుగెద్దు కూడా ఇన్ని చుట్లు తిరగదు.

ఆ 2019 చట్టానికీ ఒక దొడ్డిదారి ఉంది. చట్టం చివర ఒక షెడ్యూల్ పెట్టి, అందులో ఉన్న సంస్థలకి ఇది వర్తించదన్నారు. ముంబైలోని టాటా మెమోరియల్ సెంటర్, దేశంలో క్యాన్సర్ చికిత్సకీ పరిశోధనకీ పెద్ద దిక్కు, ఆ షెడ్యూల్లో ఉంది. చెల్లి వెళ్ళింది అక్కడికి కాదు, ఆ సంస్థ మీద నాకు ఫిర్యాదూ లేదు. పేదలకి ఎంత చేస్తుందో తెలుసు. నా ప్రశ్న చట్టం చేసినవాళ్ళకి. "విశిష్ట సంస్థలు" అని పేరు పెట్టిన చోటల్లా రిజర్వేషన్ తీసేయడంలో మీరు చెప్పదల్చుకున్నదేమిటి? మేం వస్తే విశిష్టత పోతుందనా?

మధ్య మెట్టు ఊడబీకినవాళ్ళే పైన నిలబడి "రాలేదేం?" అంటారు. ప్రొఫెసర్ పోస్టుల ఇంటర్వ్యూ అయ్యాక ఫైల్లో ఒక ముక్క రాస్తారు, మీ అందరికీ నోటికొచ్చు. నన్ ఫౌండ్ సూటబుల్. తగినవారు దొరకలేదు. దేనికి తగలేదు? మంచి ల్యాబ్‌లో పోస్ట్‌డాక్ లేదు. మంచి ల్యాబ్‌లో పోస్ట్‌డాక్ ఎందుకు లేదు? గైడుకి గైడు లేడు. 2023 జనవరిలో నేచర్ పత్రిక మన సైన్సులో కులం మీద పెద్ద కథనం వేసింది. దేశంలోని అగ్రశ్రేణి సంస్థల్లో దళిత, ఆదివాసీ ప్రొఫెసర్లు ఒక శాతానికి అటూ ఇటూగా మిగిలారని అంకెలతో చూపించింది. ఆ ఒక్క శాతం పై మెట్టు దగ్గర తయారవలేదు, ఈ మధ్య మెట్టు దగ్గరే తయారైంది.

నా సబ్జెక్టులోంచి ఒక్క మాట. ప్రబంధం చదివినవాళ్ళకి అవతారిక తెలుసు. కథ మొదలయ్యేముందు ఇష్టదేవతా స్తుతి, పూర్వకవి స్తుతి, కుకవి నింద, కృతిభర్త వంశవర్ణన, ఆపైన షష్ఠ్యంతాలు. ఫలానా వారి మనవడికి, ఫలానా వారి కొడుక్కి, ఫలానా గోత్రోద్భవుడికి ఈ కావ్యం అంకితం. ఇంత దాటితేగాని కథలోకి వెళ్ళం. పోస్ట్‌డాక్ దరఖాస్తు అచ్చంగా ఇదే. మూడు సిఫార్సు లేఖలు వంశవర్ణన. ఫలానా నోబెల్ శాస్త్రవేత్త శిష్యుడికి శిష్యురాలు అనడం షష్ఠ్యంతం. "అక్కడ యూనివర్సిటీ స్టాండర్డ్స్ ఎలా ఉంటాయో తెలుసుగా" అనడం కుకవి నింద. వంశమే అర్హత అయిన ప్రక్రియని మనవాళ్ళు వందల ఏళ్ళ కిందటే కనిపెట్టారు. ల్యాబుల్లో దాని పేరు మెరిట్.

1941లో వచ్చిన గబ్బిలంలో జాషువా కథానాయకుడు గుడిలోకి పోలేక గబ్బిలంతో శివుడికి కబురు పంపాడు. గబ్బిలానికి గుడి ప్రవేశం ఉంది, మనిషికి లేదు. మా చెల్లి విషయంలో ఈమెయిల్‌కి ల్యాబ్ ప్రవేశం ఉంది.

ఇక అసలు అభ్యంతరం దగ్గరికొస్తాను. స్టాఫ్ రూములో ఒక సహోద్యోగి అడిగేశాడు. "క్యాన్సర్ మందు చేసేచోట కూడా కోటాలేంటి మేడం, ప్రాణాలతో చెలగాటం కాదా?"

సరే, ప్రాణాల సంగతే మాట్లాడదాం. ఈ రంగం ఎలా పుట్టింది? 1975లో కేంబ్రిడ్జ్‌లో ఇద్దరు మనుషులు యాంటీబాడీ చేసే ఎలుక కణాన్ని, చావులేకుండా పెరిగే క్యాన్సర్ కణంతో కలిపారు. ఒకే రకం యాంటీబాడీని కావలసినంత చేసుకునే దారి దొరికింది. ఇవాళ్టి యాంటీబాడీ మందుల పరిశ్రమకి పునాది అది. ఆ ఇద్దరిలో పెద్దాయన సెసార్ మిల్‌స్టీన్. అర్జెంటీనాకి వలసొచ్చిన యూదు కుటుంబంలో పుట్టాడు. 1962 సైనిక కుట్ర తర్వాత తన సంస్థలో తోటివాళ్ళ మీద సాగిన వేధింపులు చూసి దేశం వదిలి వెళ్ళాడు. రెండోవాడు జార్జెస్ కోలర్, ముప్ఫై నిండని జర్మన్ కుర్రాడు. ఆ ల్యాబ్‌లో అతని హోదా ఏమిటో తెలుసా? పోస్ట్‌డాక్. 1984లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఆ పద్ధతికి పేటెంట్ కూడా తీసుకోలేదు. ఉన్నచోట ఉండలేక బయటికొచ్చిన ఒక మనిషి, కొత్తగా వచ్చిన కుర్రాడికి బల్ల చూపించి "చెయ్యి" అన్నాడు. ఈ రంగమే ఒక పోస్ట్‌డాక్ పోస్టులో పుట్టింది. అలాంటి పోస్టు ఎవరికి దక్కుతోందన్నది మీకు చిన్న విషయమా?

ప్రాణాల సంగతి ఇంకోటి. మనం ల్యాబుల్లోకి రాకూడదని ఎవరూ అనలేదు. శాంపిల్‌గా రావచ్చు. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనం జరిగింది. వేలమంది ఆడపిల్లలు, చాలామంది ఆదివాసీ పిల్లలు, ఆశ్రమ పాఠశాలల హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. అమ్మానాన్నలు పెట్టాల్సిన సంతకాలు చాలాచోట్ల వార్డెన్లు పెట్టారు. 2010లో ఆపేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ అనుమతుల తంతుని ఏకిపారేసింది. టీకా మంచిదే, మీ ఇంట్లో ఆడపిల్లలుంటే డాక్టర్‌ని అడిగి వేయించండి. నేనడిగేది ఒకటే. ఆ అధ్యయనం రాసుకున్న బల్ల దగ్గర హాస్టల్లో పెరిగిన మనిషి ఒక్కరు కూర్చుని ఉంటే, "వార్డెన్ సంతకం చాలు" అన్న మాట అంత తేలిగ్గా దాటేదా? ప్రాణాలతో చెలగాటం అంటే మేం లోపల ఉండటమా, లేకపోవడమా?

ఈ మందుల పేర్లలో ఒక వ్యాకరణం ఉంది. చెల్లి చెబితే నేను మూడు రోజులు దాని మత్తులోనే ఉన్నాను. రిటుక్సిమాబ్, ట్రాస్టుజుమాబ్, అడాలిముమాబ్. చివరి మాబ్ ప్రత్యయం, మోనోక్లోనల్ యాంటీబాడీ అని. దాని ముందు వచ్చే అక్షరం ఆ మందు పుట్టుక చెబుతుంది. ఓ అంటే పూర్తిగా ఎలుక. క్సి అంటే ఎలుక భాగం, మనిషి భాగం కలిపింది. జు అంటే మనిషిలా మార్చింది. ఉ అంటే పూర్తిగా మనిషిదే. ఎలుక యాంటీబాడీని మన ఒంట్లోకి ఎక్కిస్తే, ఒళ్ళు పరాయిదని తిరగబడుతుంది. అందుకని 1986లో గ్రెగ్ వింటర్ బృందం ఎలుక యాంటీబాడీలో పట్టుకునే కొసలు మాత్రం ఉంచి, మిగతాదంతా మనిషిదిగా మార్చి చూపింది. దాని పేరు హ్యూమనైజేషన్.

ఇది వినగానే నాకు మన పిల్లలు గుర్తొచ్చారు. యాస మార్చుకో. ఇంటిపేరు పొడి అక్షరంలో దాచుకో. హాస్టల్ పేరు ఎత్తకు. ఫెలోషిప్ పేరు కుదిస్తే పోలా? పనిచేసే కొస ఒక్కటి ఉంచుకుని, మిగతా నిన్నంతా వాళ్ళ ఒంటికి పడేలా మార్చుకో. ఎలుక ప్రోటీన్‌కి హ్యూమనైజేషన్ కావాలి, ఒప్పుకుంటాను. మాకెందుకయ్యా? మేం పుట్టడమే మనుషులుగా పుట్టాం.

ఇంకో సంగతి వినండి. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త యాంటీబాడీ మందుల పేర్లలోంచి ఆ పుట్టుక అక్షరాన్ని తీసేసింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇక పేరు చెప్పదు. మందుకి దొరికిన ఆ మర్యాద, మందు చేసే మనిషికి ఇంకా దొరకలేదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా పిన్ని మిర్చి యార్డులో తొడిమలు తీసే కూలీ. 2011లో రొమ్ము క్యాన్సర్ అన్నారు. హెర్2 పాజిటివ్ రకం. ట్రాస్టుజుమాబ్ అనే మందు ఉందనీ, మూడు వారాలకోసారి ఏడాదిపాటు ఎక్కించాలనీ డాక్టర్ చెప్పాడు. ఒక్క వయల్ ధర పిన్ని ఏడాది కూలికంటే ఎక్కువ. అమెరికాలో ఆ మందుకి 1998లోనే అనుమతి వచ్చింది. మన దేశంలో తయారైన తక్కువ ధర రకం మార్కెట్లోకి వచ్చింది 2014లో. పిన్ని 2012లోనే పోయింది.

చెల్లి కవర్ లెటర్ దిద్దుతూ నేనన్నాను. "అమ్మ సంగతి రాయవే. చదివినవాళ్ళు కదిలిపోతారు."

అది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది. "అమ్మ చావు నా క్వాలిఫికేషన్ కాదక్కా. నా ముక్క నానోమోలార్‌లో అంటుకుంటోంది. అది నా క్వాలిఫికేషన్. అది చదివి తీసుకుంటే తీసుకోమను."

సిగ్గేసింది నాకు. అవతారికని వెక్కిరించే నేను, వంశగౌరవం లేదు కాబట్టి వంశదుఃఖం రాయమన్నాను. మన పిల్లల పని చదవకుండా మన ఏడుపు చదివి సీటిచ్చే దాతలు మనకొద్దు.

కాబట్టి అడగాల్సినవి ఇవి.

ఒకటి, ప్రజల డబ్బుతో నడిచే ప్రతి పోస్ట్‌డాక్ పోస్టుకీ ఎంపిక కొలతలు ప్రకటనలోనే ఉండాలి. దేనికెన్ని మార్కులో ముందే చెప్పాలి.

రెండు, ఎంతమంది అప్లై చేశారు, ఎంతమందిని పిలిచారు, ఎవర్ని తీసుకున్నారు, కేటగిరీల వారీగా ప్రతి సంస్థా ఏటా బయటపెట్టాలి.

మూడు, 45 రోజుల రూలు ప్రాజెక్టు పోస్టులకి వర్తిస్తుందో లేదో కేంద్రం రాతపూర్వకంగా తేల్చాలి. ఒక్కో పోస్టుకి రోస్టర్ కష్టమంటే సంస్థ మొత్తానికి కలిపి లెక్కేయండి. అధ్యాపక పోస్టులకి యూనివర్సిటీని యూనిట్‌గా తీసుకోవడం 2019 చట్టం నేర్పిందే కదా.

నాలుగు, ఎస్సీ విద్యార్థుల నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మాస్టర్స్‌తో, పీహెచ్‌డీతో ఆగిపోతోంది. ఉద్యోగానికి విదేశీ పోస్ట్‌డాక్ కావాలని చూసే దేశంలో దాన్ని పోస్ట్‌డాక్ దాకా పొడిగించాలి.

ఐదోది మనవాళ్ళకి. హైదరాబాద్ నుంచి బోస్టన్ దాకా ల్యాబుల్లో ఉన్న మన అన్నలు, అక్కలు కొందరున్నారు. కులం తెలిస్తే ఏమవుతుందోనని నిశ్శబ్దంగా ఉన్నారు. మీ భయం నాకు అర్థమవుతుంది, బయటికి రమ్మనను. ఒక పిల్ల అప్లికేషన్ చదివి ఒక లేఖ రాయండి చాలు. వాళ్ళ వంశవృక్షానికి వందేళ్ళు పట్టింది. మనది ఒక లేఖతో మొదలవుతుంది.

చివరిగా ఒక కబురు. ఆ సంస్థకి ఆర్టీఐ వేయవే అన్నాను చెల్లితో. వణికింది. "ఈ ఫీల్డ్ చాలా చిన్నదక్కా. పేరు పడితే ఇంకెవరూ పిలవరు. రేపు నాకు లేఖలు కావాల్సింది వాళ్ళ దగ్గర్నుంచే." నిజమే. ఫిర్యాదు చేసినవాళ్ళకి ఇంకో గది కూడా మూతపడుతుంది. ఈ ఏర్పాటు ఇన్నాళ్ళు నిలబడింది ఆ భయం మీదే.

కానీ ఆర్టీఐ ఈ దేశ పౌరులెవరైనా వేయొచ్చు. పది రూపాయలు. నిన్న నా పేరు మీద నేనే వేశాను. గత ఐదేళ్ళలో ఎన్ని పోస్ట్‌డాక్ నియామకాలు, ఎన్ని దరఖాస్తులు, ఏ కేటగిరీలో ఎందరు, ఎంపిక కొలతల కాపీ. చెల్లి పేరు ఎక్కడా లేదు. దాన్ని ల్యాబ్‌లోకి రానివ్వకుండా ఆపగలరేమోగాని, గణాలూ యతిప్రాసలూ చెప్పుకునే నన్ను ఏ ల్యాబ్‌లోంచి తీసేస్తారు? ఇది చదివే ఆర్ట్స్ విద్యార్థులారా, ఈ పని మనది. మీ ఊళ్ళో సైన్సు చదివే పిల్ల అడగలేని ప్రశ్న మీరు అడగండి.

జవాబుకి ముప్ఫై రోజుల గడువుంది. వస్తే వచ్చింది, రాకపోతే రాలేదని, ఉన్నదున్నట్టు ఇక్కడే పెడతాను. చెల్లి ఈలోగా ఇంకో మూడు చోట్ల అప్లై చేసింది. ఫెలోషిప్ పేరు పూర్తిగా, ఒక్క అక్షరం కుదించకుండా రాసింది.

జై భీమ్.

(వచ్చే వారం మూసిన గదులు – 10)